యువరాజు పెండ్లిలో ఎవరి మాట నిలిచింది?

మన సంఘాలు చాలావాటిలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానావారి కుమారునికీ ఫలానావారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైందనీ, అభ్యంతరం ఉన్నవారు తెలపాలనీ కాపరి చెబుతుంటే మనం సగం వింటాం, సగం వినం. ఎవరూ లేవరని మనకు తెలుసు. ఈ ప్రకటన లేని పెండ్లి ఎన్ని చిక్కులు తెస్తుందో చెప్పడానికి ఇంగ్లాండు చరిత్రలోని ఒక యువరాజు వివాహాన్ని ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాము.

1361 అక్టోబరు 10న విండ్సర్‌లో మూడవ ఎడ్వర్డ్ రాజు పెద్ద కుమారుడు ఎడ్వర్డ్ వివాహం జరిగింది. తరువాతి కాలం వారు 'బ్లాక్ ప్రిన్స్' అని పిలిచింది ఈయననే. అప్పటికి ఆయన వయసు 31. రాజ్యానికి వారసుడు గనుక బ్రాబంట్, పోర్చుగల్ వంటి చోట్ల సంబంధాలు చూశారు, ఏదీ కుదరలేదు. చివరికి ఆయన చేసుకున్నది కెంట్ ప్రభ్వి జోన్‌ను. ఆమె ఆయనకంటే పెద్దది, విధవరాలు, పిల్లల తల్లి. పైగా ఆమెను ఒకప్పుడు భార్యగా ఏలుకున్న మరొక ప్రభువు ఇంకా బ్రతికే ఉన్నాడు. చిక్కంతా అక్కడే ఉంది.

జోన్ మొదటి ఎడ్వర్డ్ రాజు మనుమరాలు. 1330లో ఆమె తండ్రికి మరణశిక్ష పడింది. 1340లో, సుమారు పన్నెండేళ్ల వయసులో, ఆమె థామస్ హాలండ్ అనే యోధునితో రహస్యంగా వివాహ ప్రమాణం చేసింది. ఆయన అప్పటికి పాతికేళ్లు దాటినవాడు. ఆయన విదేశాలకు వెళ్లినప్పుడు ఆమె పెద్దలు సాల్స్‌బరీ ప్రభువు కుమారుడు విలియం మాంటెగ్యూతో ఆమెకు పెండ్లి చేశారు. ఇది అందరి ఎదుట జరిగింది. మొదటిది చూసినవారు కొద్దిమందే.

హాలండ్ యుద్ధాలలో ధనం సంపాదించాడు. 1346లో కాన్ పట్టణంలో చిక్కిన ఒక ఫ్రెంచి ప్రభువును రాజుకు అప్పగించినందుకు 80,000 ఫ్లోరిన్లు ఇస్తామన్నారు. ఆ బలంతో ఆయన అవిన్యాన్‌లో ఉన్న పోపు న్యాయస్థానానికి వెళ్లి, జోన్ తన భార్య అని వాదించాడు. ఆమెను బంధించి మాట్లాడనివ్వడం లేదని కూడా ఫిర్యాదు చేశాడు. ఆమె తన తరఫున వాదించేవారిని స్వేచ్ఛగా నియమించుకోవాలని ఆరవ క్లెమెంట్ పోపు ఆదేశించాడు. హాలండ్ చెప్పినది నిజమని ఆమె ఒప్పుకుంది. 1349 నవంబరు 13న తీర్పు వచ్చింది: మాంటెగ్యూతో జరిగిన పెండ్లి చెల్లదు, జోన్ హాలండ్ భార్య.

పెద్దలు చేసిన పెండ్లి కొట్టుపడి, రహస్య పెండ్లి ఎలా నిలిచింది? పన్నెండవ శతాబ్దంలో మూడవ అలెగ్జాండర్ పోపు కాలంలో స్థిరపడిన సూత్రం ఇది: 'నిన్ను నా భార్యగా, నా భర్తగా స్వీకరిస్తున్నాను' అని ఇద్దరూ ఇష్టపూర్వకంగా చెప్పుకుంటే అది వివాహమే. తల్లిదండ్రుల అనుమతి గానీ గురువు గానీ లేకపోయినా దానికి భంగం లేదు. కన్యకు పన్నెండు, వరునికి పద్నాలుగు ఏళ్లు నిండాలి. 1215లో నాలుగవ లాటరన్ సభ రహస్య వివాహాలను నిషేధించి, సంఘంలో ముందుగా ప్రకటన చదవాలని నియమించింది. అయినా ప్రకటన లేకుండా చేసుకున్నవారు దోషులయ్యారే గాని వారి వివాహం రద్దు కాలేదు. కట్టుబాటు ఒకటి, చెల్లుబాటు మరొకటి. ఈ రెండింటి మధ్య సందులో జోన్ తొమ్మిదేళ్లు నలిగింది.

1360 డిసెంబరులో హాలండ్ చనిపోయాడు. కొద్ది నెలలకే యువరాజు, జోన్ ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. ఇది కూడా రహస్యంగానే! జోన్ రాజుకు చిన్న తాత కుమార్తె కాదు, తండ్రి సవతి సోదరుని కుమార్తె. మన వరుసల్లో చెబితే రాజుకు చెల్లెలు, యువరాజుకు మేనత్త వరస. నాలుగు తరాలలోపు రక్తసంబంధం ఉంటే పెండ్లి కూడదని సంఘ నియమం. మన మేనరికాలు కూడా ఆ లెక్కలో నిలవవు. అదిగాక యువరాజు జోన్ కుమారునికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి. ఆత్మీయ బంధుత్వం కూడా అడ్డే. ఆరవ ఇన్నోసెంట్ పోపు 1361 సెప్టెంబరులో ప్రత్యేక అనుమతి ఇచ్చాడు. తరువాతే కాంటర్బరీ ఆర్చిబిషప్పు సైమన్ ఇస్లిప్ బహిరంగంగా వివాహం జరిపించాడు. దానికి పరిహారంగా యువరాజు కాంటర్బరీ కెథడ్రల్ నేలమాళిగలో ప్రార్థనా మందిరం నెలకొల్పాడు. ఫ్రెంచి ప్రొటెస్టంటులు ఆరాధించుకునే చోటుగా ఆ మందిరం తరువాతి కాలంలో పేరు పొందింది.

ఇన్ని పత్రాలు ఎందుకంటే, పుట్టబోయే బిడ్డ సింహాసనం ఎక్కవలసినవాడు. తల్లి పెండ్లి మీద అనుమానం ఉంటే బిడ్డ హక్కు మీదా ఉంటుంది. యువరాజు రాజు కాకుండానే 1376లో మరణించాడు. మరుసటి ఏడు వారి కుమారుడు రిచర్డ్ పదేళ్ల వయసులో రాజయ్యాడు. జోన్ రాజమాతగా గౌరవం పొందింది. 1378లో లాంబెత్‌లో జాన్ విక్లిఫ్‌ను బిషప్పులు విచారిస్తుండగా, ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పవద్దని ఒక యోధునితో కబురు పంపింది ఈమెనే.

ఈ కథను ప్రేమకథగా చెప్పుకోవడం సులభం. మేము అలా చెప్పము. పన్నెండేళ్ల పిల్ల చెప్పిన 'సరే'ను ఇష్టం అనడానికి మాకు మనసొప్పదు. నేడు మన చట్టం ఆడపిల్లకు 18 ఏళ్లు నిండాలంటోంది, అది న్యాయం. కానీ ఆ పాత న్యాయస్థానం ఒక మంచి ప్రశ్న వేసింది: ఆమె ఏమంటోంది? ప్రభువులూ బంధువులూ అడగని ప్రశ్న అది.

రహస్యం వల్ల నష్టపోయింది కూడా బలహీనురాలే. సాక్షులు లేని ప్రమాణాన్ని పెద్దలు సులభంగా తుడిచివేయగలిగారు. అందుకే ప్రకటన చదవడం ఉత్త ఆచారం కాదు, ఇద్దరికీ రక్షణ. అయితే సంఘంలో అభ్యంతరాలు అడగడానికి ముందు, ఇంట్లో అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి 'నీకు ఇష్టమేనా' అని అడగాలి. 'కాదు' అని చెప్పే ధైర్యం కూడా ఇవ్వాలి. సంబంధం కుదిరి, హాలు మాట్లాడి, శుభలేఖలు పంచాక అడిగితే అది అడగడం కాదు.

1385లో జోన్ మరణించింది. యువరాజు కాంటర్బరీలో సమాధి చేయబడ్డాడు. ఆమె మాత్రం తనను స్టాంఫర్డ్‌లో, థామస్ హాలండ్ చెంత ఉంచమని వీలునామాలో కోరింది. ఈసారి ఆమె మాటను ఎవరూ కాదనలేదు.