వైద్యశాలలో దుబాసి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరపడిన కుమార్తెలకు పురుడు పోయుటకో, మనుమలను సాకుటకో తరలి వెళ్లు మన పెద్దలలో పలువురికి, ఇంటిపట్టున నున్నంతకాలము ఆంగ్లము రాని కొరత అంతగా తెలియదు గాని, ఒకనాడు గుండెలో నొప్పి పుట్టి వైద్యశాలకు పోవలసి వచ్చినప్పుడు అదియే ప్రాణసంకటమగును. నొప్పి ఎప్పుడు మొదలయ్యెను, పొడిచినట్లుండునా, మంటగా నుండునా, ఇదివరకు ఏ మందులు పుచ్చుకొంటిరి, వాటిలో ఏది పడలేదు అను ప్రశ్నలకు రోగి యిచ్చు సమాధానములే వైద్యునికి తొలి యాధారములు. అవి తప్పినచో ఎంతటి యంత్రసామగ్రి యున్నను చికిత్స దారి తప్పును.

1980లో ఫ్లోరిడా రాష్ట్రమున జరిగిన దుర్ఘటన ఇందుకు ప్రసిద్ధ నిదర్శనము. స్పృహ తప్పిన పదునెనిమిదేండ్ల యువకునికి తిన్నదేదియో వికటించినదని బంధువులు తమ స్పానిష్ భాషలో చెప్పుకొనగా, మత్తుమందు మితిమీరి పుచ్చుకొనెనని వైద్యులు అపార్థము చేసికొని ఆ చికిత్సయే సాగించిరి; మెదడులోని రక్తస్రావము సకాలమున బయటపడలేదు; ఆ యువకుని కాలుసేతులు శాశ్వతముగా చచ్చుపడిపోయెను.

ప్రభుత్వ ధనము పొందు సంస్థలు జన్మదేశమును బట్టి వివక్ష చూపరాదని 1964 నాటి పౌరహక్కుల చట్టము శాసించినది; భాష రాని కారణమున సేవ అందకుండుటయు ఆ వివక్ష క్రిందికే వచ్చును. 2010 నాటి ఆరోగ్య సంరక్షణ చట్టము ననుసరించి 2016లో వెలువడిన నిబంధనలు మరింత స్పష్టములు: అర్హత గల దుబాసిని వైద్యశాలయే ఉచితముగా సమకూర్పవలెను, నీ దుబాసిని నీవే తెచ్చుకొనుమని రోగిని నిర్బంధింపరాదు, అత్యవసర సమయమున దప్ప యుక్తవయసు రాని పిల్లలచే ఆ పని చేయింపరాదు.

రెండు భాషలు తెలిసినంత మాత్రమున ఎవ్వరును వైద్య దుబాసి కాజాలరు. అమెరికాలో ధ్రువపత్రము కోరువారు కనీసము 40 గంటల శిక్షణ పొందియుండవలెను. దుబాసి రోగి పలికిన దానిని రోగి పలికినట్లే, 'నేను' అనియే చెప్పును. ఒక మాట చేర్చడు, ఒక మాట విడువడు. విన్నది బయట పొక్కనీయడు. దగ్గరలో దొరకనిచో దూరవాణి ద్వారానో, వీడియో తెరపైననో వచ్చి పలుకును. 2003లో పీడియాట్రిక్స్ పత్రికలో ప్రకటితమైన పరిశోధన యందు, పిల్లల వైద్యశాలలో స్పానిష్ దుబాసీల ద్వారా నడచిన 13 సంభాషణలను పరిశీలింపగా, ఒక్కొక్క దానిలో సగటున 31 దోషములు కానవచ్చినవి. వానిలో రోగికి కీడు చేయదగినవి, శిక్షణ లేనివారు మాటలు చేరవేసినచోట అధికముగా నుండెను.

కన్నబిడ్డ పక్కనుండగా పరాయివాడేల యని మనవారికి తోచుట సహజము. కాని స్త్రీల వ్యాధులను గూర్చి కుమారుని యెదుట ఏ తల్లి మనసు విప్పి చెప్పగలదు? కాన్సరను మాటను తండ్రి చెవిని వేయలేక, చిన్న గడ్డయే యని చెప్పి ఊరుకొను కొడుకు ప్రేమతోనే చేసినను, తన చికిత్సను తాను నిర్ణయించుకొను హక్కును ఆ తండ్రికి లేకుండ చేసినవాడగుచున్నాడు. బిడ్డ బిడ్డగా పక్కన కూర్చుండి చేయి పట్టుకొని ధైర్యము చెప్పుటయే మేలు.

కావున ఆ దేశమున నున్న తెలుగు బిడ్డలారా, తలిదండ్రులకై వైద్యుని సమయము కోరునపుడే తెలుగు దుబాసి కావలెనని అడుగుడు. అది యాచన కాదు, హక్కు. దానికై మీరు చెల్లింపవలసిన రుసుమేమియు లేదు.