నదీగర్భంలో బాట

నది నగరానికి జన్మనిస్తుంది. ఆ నగరం పెరిగి ఉభయ తీరాలకు విస్తరించినప్పుడు అదే నది రాకపోకలకు అవరోధమవుతుంది. దీనికి అందరికీ తెలిసిన పరిష్కారం వంతెన. మరి వంతెన కట్టడానికి వీలులేని చోట ఏం చేయాలి? పంతొమ్మిదో శతాబ్ది ఆరంభంలో లండన్ నగరానికి ఎదురైన సమస్య ఇదే.

లండన్ నగరం థేమ్స్ నదికి ఇరువైపులా విస్తరించి ఉంది. సముద్రం మీదుగా వచ్చే ఎత్తైన తెరచాప ఓడలు నగరానికి తూర్పున ఉన్న రేవులలో సరకు దించేవి. అక్కడ వంతెన కడితే ఓడల దారి మూసుకుపోతుంది. కట్టకపోతే సరకు బండ్లు ఆవలి ఒడ్డుకు చేరడానికి ఎగువనున్న లండన్ వంతెన దాకా చుట్టూ తిరిగి వెళ్లాలి. అందుచేత నది అడుగున సొరంగం తవ్వాలన్న ఆలోచన పుట్టింది. అయితే మెత్తని బురదనేలలో తవ్విన తొలి సొరంగంలోకి నీరు చొరబడడంతో ఆ ప్రయత్నం 1808లో ఆగిపోయింది.

ఈ చిక్కును విప్పినవాడు ఫ్రాన్సులో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన ఇంజనీరు మార్క్ బ్రూనెల్. ఓడల కొయ్యను తొలిచే ఒక జీవి ఆయనకు మార్గం చూపింది. చూడడానికి పురుగులా ఉన్నా అది ఆల్చిప్పల జాతికి చెందినది. తలవైపున్న గట్టి చిప్పతో కొయ్యను తొలుస్తూ, తొలిచిన దారికి వెనుక సున్నపు పూత పూసుకుంటుంది. బ్రూనెల్ ఇదే పద్ధతిలో ఒక ఇనుప కవచాన్ని రూపొందించాడు. అందులో 36 గదులు, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కార్మికుడు. ఎదురుగా మట్టిని ఆపి ఉంచిన చెక్కలలో ఒకదానిని తీసి, కొన్ని అంగుళాల మట్టిని తవ్వి, ఆ చెక్కను తిరిగి ముందుకు బిగించేవాడు. అలా చెక్కలన్నీ జరిగాక కవచాన్ని ముందుకు నెట్టేవారు. వెనుకనే తాపీపనివారు ఇటుకలతో గోడ కట్టేవారు.

1825లో పని మొదలయింది. ఆనాడు థేమ్స్ నది నగరపు మురుగునంతటినీ మోసేది. పైనుంచి కారే మురికినీరు, విషవాయువులు కార్మికులను రోగగ్రస్తులను చేశాయి. 1827లో నది సొరంగంలోకి దూసుకువచ్చింది. నదీతలంలో పడిన గోతిని బంకమట్టి సంచులతో పూడ్చి పని కొనసాగించారు. 1828 జనవరిలో మళ్లీ వచ్చిన వరదలో ఆరుగురు కార్మికులు మరణించారు. బ్రూనెల్ కుమారుడు, 21 ఏళ్ల ఇసంబార్డ్, త్రుటిలో ప్రాణాలతో బయటపడ్డాడు. ధనం కూడా అడుగంటింది. ఏడేళ్లు ఆగిన పని ప్రభుత్వ రుణంతో తిరిగి సాగి, 1843 మార్చి 25న సొరంగం ప్రారంభమయింది. ఓడలు నడిచే నది కింద నిర్మించిన ప్రపంచపు తొలి సొరంగం ఇదే.

కాని బండ్ల కోసం తవ్విన ఆ బాటలో ఒక్క బండి కూడా నడవలేదు. బండ్లు దిగవలసిన వాలుదారులు నిర్మించడానికి సొమ్ము లేకపోయింది. మెట్లు దిగి పాదచారులు మాత్రమే నడిచారు. 1869 నుంచి అది రైలు మార్గమయింది. నేటికీ అందులో రైళ్లు తిరుగుతున్నాయి.

రహదారి కోరిక మాత్రం తీరలేదు. నగరపు పశ్చిమ భాగంలో వంతెనలపై సుంకాలు తొలగిపోయాయి. వంతెనలే లేని తూర్పువాసులు ఆ ఖర్చుకు పన్నులు కడుతూ కూడా ఫలం పొందలేకపోయారు. వారి కోసం 1897లో బ్లాక్‌వాల్ సొరంగం వెలసింది. ఇక్కడ కవచానికి తోడు అధిక పీడనం గల గాలిని వాడారు. సొరంగంలో నింపిన ఆ గాలి పైనున్న నీటిని లోనికి రానీయకుండా ఎదురు నెట్టింది. అందులోనూ ప్రమాదముంది. అధిక పీడనంలో రక్తంలో కరిగిన నత్రజని, మనిషి ఒక్కసారిగా బయటకు వస్తే, మూత తీసిన సోడాలో వలె బుడగలవుతుంది. అందుకే పీడనాన్ని క్రమంగా తగ్గించే గదిలో కొంతసేపు ఉంచి పనివారిని బయటకు పంపాలి.

1908లో రోథర్‌హైత్ సొరంగం, 1967లో బ్లాక్‌వాల్ రెండో సొరంగం వచ్చాయి. గుర్రపుబండ్ల కాలపు వంపులున్న పాత బ్లాక్‌వాల్ మార్గం లారీల రద్దీని తట్టుకోలేకపోయింది. దానికి సమీపంలోనే దాదాపు 1.4 కిలోమీటర్ల సిల్వర్‌టౌన్ సొరంగం 2025 ఏప్రిల్ 7న ప్రారంభమయింది. ఆనాటినుంచే, శతాబ్దానికి పైగా ఉచితంగా ఉన్న బ్లాక్‌వాల్ మార్గంలోనూ సుంకం విధించారు. రద్దీ, కాలుష్యం తగ్గాలంటే ఇది తప్పదని అధికారులు వాదించారు. పడమటి వంతెనలపై లేని భారం తమకెందుకని తూర్పువాసులు ప్రశ్నించారు.

బాట వేయడమెలాగో శాస్త్రం చెప్పగలదు. దాని వెలను ఎవరు చెల్లించాలో మాత్రం సమాజమే నిర్ణయించుకోవాలి. 1828లో ఆ వెలను ఆరుగురు కార్మికులు తమ ప్రాణాలతో చెల్లించారు.