తలలో పుట్టే మోత మనసును మారుస్తుందా?

ఒక చెవిలో 200 హెర్ట్జ్ స్వరం, రెండో చెవిలో 210 హెర్ట్జ్ స్వరం. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కాసేపు వింటే, సెకనుకు పదిసార్లు ఊగే మూడో మోత ఒకటి తల మధ్యలో వినిపిస్తుంది. దీన్నే బైనారల్ బీట్స్ అంటున్నారు. యూట్యూబులో గంటలకొద్దీ ఉన్నాయి: చదువు బుర్రకెక్కడానికి ఒకటి, నిద్రకు ఒకటి, ధ్యానానికి మరొకటి. దెందులూరు నుంచి ఏలూరు కాలేజీకి బస్సెక్కే ఇంటర్ పిల్లల ఫోన్లలోకీ ఇవి చేరాయి. ఇది నిజంగా పనిచేస్తుందా, పిల్లలకు హాని ఏమైనా ఉందా అని పెద్దవాళ్ళు అడగడం సహజం.

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మోత వినిపించడం ఒకటి. దానివల్ల మనసు మారడం ఇంకొకటి. మొదటిది ముమ్మాటికీ నిజం. రెండోదానికి అంత గట్టి ఆధారం లేదు. మొదటిదాన్ని చెవికి వినిపించి రెండోదాన్ని నమ్మిస్తారు కాబట్టి, విడదీసి చూడడమే మంచిది.

దగ్గర దగ్గరగా ఉన్న రెండు స్వరాలు గాలిలో కలిస్తే ధ్వని హెచ్చుతూ తగ్గుతూ వస్తుంది. ఇంటర్ ఫిజిక్సు పుస్తకంలో వీటి పేరు విస్పందనాలు. కొల్లేటి చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో రాత్రిపూట రెండు ఏరియేటర్లు తిరుగుతుంటే వాటి హోరు ఒక్కోసారి ఒకే మట్టంగా ఉండదు, లేస్తూ పడుతూ ఉంటుంది. రెండు మోటార్ల వేగంలో పిసరంత తేడా ఉండడమే కారణం. సంగీతం వాళ్ళకైతే ఇది రోజూ చేసే పని. తంబురాలో నడిమి రెండు తీగలనీ ఒకే షడ్జానికి కలపాలి. ఒకటి 196, ఇంకొకటి 199 దగ్గర ఉంటే సెకనుకు మూడు ఊపులు వినిపిస్తాయి. బిరడ తిప్పి, పూస జరుపుతుంటే ఊపులు నెమ్మదించి ఒకచోట ఆగిపోతాయి. శ్రుతి కలిసింది. వీణలకు పేరుపడ్డ నూజివీడులో, పౌనఃపున్యం అన్న మాట ఎన్నడూ వినని చేతులు కూడా ఈ లెక్కను చెవితోనే తేల్చేస్తాయి.

మరి ఇయర్‌ఫోన్లలో ఏ స్వరం ఆ చెవిలోనే ఉండిపోతుంది కదా, గాలిలో కలవనిది ఎక్కడ కలుస్తుంది? ఈ చిత్రాన్ని 1840 ప్రాంతంలో బెర్లిన్ శాస్త్రవేత్త హైన్రిక్ విల్‌హెల్మ్ డోవే గమనించాడు. కలిసే చోటు మెదడు అడుగున, మెదడు కాండంలో ఉంది. రెండు చెవుల నుంచి వచ్చే సంకేతాలు మొదటిసారి ఎదురుపడే నాడీకణాలు అక్కడే ఉన్నాయి.

ఆ కణాలు మనకు ఎందుకున్నాయో తెలిస్తే మిగతాది తేలిక. చీకట్లో కొల్లేటి మీద తాటిదోనెలో వెళ్తున్న మనిషిని గట్టుమీంచి ఎవరో కేకేస్తే, అతను వెతుక్కోకుండా అటే తిరుగుతాడు. కేక దగ్గరి చెవికి ముందు, దూరపు చెవికి కాస్త తర్వాత చేరుతుంది. ఆ ఆలస్యం ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా ఆ కణాలు దాన్ని కొలిచి దిక్కు చెప్పేస్తాయి. కొలవాలంటే అవి ధ్వని ప్రతి ఊపుకూ లయ తప్పకుండా స్పందించాలి. బైనారల్ బీట్స్ ఈ ఏర్పాటునే వాడుకుంటాయి: 200, 210 స్వరాలు ఒకసారి కలిసి నడిచి, ఒకసారి ఎడమై, మళ్ళీ కలుస్తుంటాయి. ఆ కలయికలూ ఎడబాట్లే మనకు మోతగా వినిపిస్తాయి. తేడా ఒకటి రెండు హెర్ట్జే అయితే మోత ఈ చెవి నుంచి ఆ చెవికి తిరుగుతున్నట్టుంటుంది. స్వరాలు మరీ హెచ్చుస్థాయిలో, వెయ్యి హెర్ట్జ్ దాటి పోతున్నకొద్దీ కణాలు ఆ వేగాన్ని అందుకోలేవు, మోత మాయమవుతుంది. తేడా 30 హెర్ట్జ్ మించినా అంతే. ఒకే స్పీకరున్న బ్లూటూత్ డబ్బాలో పెట్టి వింటే అది బైనారలే కాదు, తంబురా తీగల్లో వినిపించే మామూలు విస్పందనమే.

ఇక మనసు సంగతి. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలమీంచి మెదడు విద్యుత్తును మొదటిసారి నమోదు చేసి, 1929లో ప్రకటించాడు. కళ్ళు మూసుకుని నిమ్మళంగా ఉన్నప్పుడు సెకనుకు పది ప్రాంతంలో వచ్చే అలలకు ఆల్ఫా అని పేరు పెట్టింది ఆయనే. గాఢనిద్రలో అలలు నాలుగుకు లోపు. వెలుగును మినుకుమినుకుమనిపిస్తే ఆ లయను మెదడు అలలు అందుకుంటాయని 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ చూపించారు. వెలుగు చేసిన పని మోత కూడా చేయదా అన్న ఆశ అక్కడ మొదలైంది. 1973లో జెరాల్డ్ ఆస్టర్ రాసిన వ్యాసం బైనారల్ బీట్స్‌కు కొత్త ఊపు తెచ్చింది. 1975లో అమెరికాలో రాబర్ట్ మన్రో పేటెంటు పొందాడు. వ్యాపారం అప్పటినుంచే.

ఈ ఆశలో ఒక మెలిక ఉంది. మనసు నెమ్మదిస్తే ఆల్ఫా వస్తుంది, సరే. ఆల్ఫా తెప్పిస్తే మనసు నెమ్మదిస్తుందా? వాన పడితే కప్పలు అరుస్తాయి, కప్పల్ని అరిపించి వాన కురిపించలేం.

పరీక్షలు ఏం చెప్పాయి? 2005లో బ్రిటన్‌లో ఆపరేషన్‌కు ముందు రోగులకు ఈ ఆడియో వినిపిస్తే ఆందోళన సుమారు 26 శాతం తగ్గింది. మోత లేని అదే సంగీతం విన్నవాళ్ళలో తగ్గింది 11 శాతమే. ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన ఫలితం కాదు. కానీ 2020లో కెనడా పరిశోధకులు బైనారల్‌నూ మామూలు విస్పందనాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మెదడు రెంటినీ అనుసరించింది, మామూలు వాటినే ఎక్కువగా. మానసిక స్థితిని మాత్రం రెండూ మార్చలేదు. మెదడు అలలు మోత లయను పడతాయా అన్న ఒక్క ప్రశ్న మీద 14 అధ్యయనాలను 2023లో సమీక్షిస్తే, అవునన్నవి 5, ఎదురు చెప్పినవి 8, అటూ ఇటూ కానిది 1. నా మటుకు నేను, ఆపరేషన్ భయంలో ఉన్న మనిషికి ఇది వినిపిస్తే కాదనను. మార్కులు పెంచుతుందని డబ్బు కట్టమంటే మాత్రం వద్దంటాను. కూర్చుని వినడానికే అయితే తంబురా శ్రుతి ఉంది.

హాని విషయానికొస్తే, అసలు చూసుకోవలసింది ధ్వని మోతాదు. పిల్లలు వారానికి 40 గంటలు వింటే 75 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. జాతీయ రహదారి మీద బండి నడుపుతూ నిద్ర ఆడియోలు వినకూడదు. మోతతోపాటు వెలుగు మినుకులు కూడా ఇచ్చే కళ్ళద్దాలు, యాప్‌లు వేరే సంగతి. వెలుగు లయకు మెదడు బలంగా లొంగుతుంది, కొందరికి అదే మూర్ఛ తెప్పిస్తుంది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినవాళ్ళు, 2020 డిసెంబరులో ఏలూరులో జబ్బుపడి ఫిట్స్ వచ్చినవాళ్ళతో సహా, డాక్టరును అడగకుండా వాటి జోలికి పోవద్దు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే ఆడియోతో కాలయాపన చేయకుండా ఆస్పత్రికి వెళ్ళాలి.

మీ ఇంట్లో ఇది పనిచేస్తోందో లేదో మీరే తేల్చుకోవచ్చు. రెండు ఆడియోలు తీసుకోండి: ఒకదాంట్లో రెండు చెవులకూ 200 హెర్ట్జే, ఇంకొకదాంట్లో 200, 204. రెంటికీ వెనకాల వాన చప్పుడు కలపండి, ఏది ఏదో కనిపెట్టడం కష్టమవుతుంది. ఒకటి, రెండు అని మాత్రమే పేర్లు పెట్టి, ఏ రాత్రి ఏది మోగాలో ఇంట్లో మరొకరిని చీటీ తీసి పెట్టమనండి. నిద్ర ఎలా పట్టిందో పొద్దున్నే, ఎవరూ అడగకముందే, పదికి ఇన్ని మార్కులని రాసుకోండి. కనీసం రెండు మూడు వారాలు గడిచాకే చీటీలు విప్పండి.