ట్యాంకులో దిగే మనిషి పేరు లెక్కల్లో ఉండాలి

ఊరూరా మరుగుదొడ్లు వచ్చాయి. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైన తరువాత ప్రభుత్వ సాయంతో కట్టుకున్నవారు కొందరు, సొంత ఖర్చుతో పెద్ద సెప్టిక్ ట్యాంకులు కట్టించుకున్నవారు కొందరు. కట్టేటప్పుడు మంచి మేస్త్రీ కోసం వెతుకుతారు. నిండినప్పుడు తోడేవాడెవరన్నది మాత్రం ఎవరూ ఆలోచించరు. పట్నం నుండి ట్యాంకరు వస్తే సరే. రాకపోతే తాడు, బకెట్టు పట్టుకుని ఒక మనిషి వస్తాడు. కూలి మాట్లాడుకుంటారు. మూత తీసి లోపలికి దిగుతాడు.

ఆ మనిషి పేరు చాలాసార్లు ఏ రిజిస్టరులోనూ ఉండదు. అటువంటివారికి శిక్షణ ఇప్పించడానికి, యంత్రాలు కొనిపించడానికి ప్రభుత్వం నిధులు కేటాయించిన సంగతి అతనికీ తెలియదు, పనికి పిలిచినవారికీ తెలియదు.

విషవాయువు సంగతి

మూసి ఉన్న ట్యాంకులో మలం కుళ్ళి హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను వంటి వాయువులు పుడతాయి. ప్రాణవాయువు తగ్గిపోతుంది. హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన పట్టే శక్తే పోతుంది. వాసన తగ్గిందని ధైర్యం చేసి దిగినవాడు అక్కడే స్పృహ తప్పి పడిపోతాడు. అతన్ని పైకి తీయాలని దిగిన రెండవ మనిషికీ అదే గతి.

2015 నవంబరులో కేరళలోని కోజికోడు నగరంలో జరిగింది ఇదే. పొట్ట చేతబట్టుకుని ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఇద్దరు కార్మికులు మురుగు కాలువ మ్యాన్‌హోలులో చిక్కుకున్నారు. వారిని కాపాడబోయిన స్థానిక ఆటో డ్రైవరు కూడా మరణించాడు. ముగ్గురి ప్రాణాలు పోయాయి.

చట్టం ఏం చెబుతున్నది?

చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో పార్లమెంటు చేసిన చట్టం పల్లెలకూ, పట్టణాలకూ వర్తిస్తుంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి గానీ, మురుగు కాలువలోకి గానీ దింపడం నేరం. మొదటిసారి నేరానికి రెండేళ్ళ వరకు జైలు, లేదా రూ. 2 లక్షల వరకు జుర్మానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్ళీ చేస్తే అయిదేళ్ళు, రూ. 5 లక్షల వరకు పోతుంది. కూలికి పిలిచిన ఇంటి యజమాని కూడా దీనికి బాధ్యుడే.

పాకీ పని చేసేవారిగా గుర్తించిన కుటుంబంలో ఒకరికి వేరే పనిలో శిక్షణ ఇప్పించాలని, శిక్షణ కాలంలో నెలకు రూ. 3,000కు తగ్గకుండా భత్యం ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. పునరావాస పథకం కింద ఒక్కసారి ఇచ్చే నగదు సాయం రూ. 40,000. గ్రామంలో ఈ పని చేస్తున్నవారు తమను గుర్తించమని ఎప్పుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానిపై 15 రోజులలో విచారణ జరపాలి.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. ఈ సాయమంతా పాకీ దొడ్లలో మలం ఎత్తేవారిని ఉద్దేశించినది. సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువలలో దిగేవారిని చట్టం వేరుగా చూసింది. దింపినవారికి శిక్ష రాసింది గానీ, దిగినవారికి బతుకుతెరువు చూపలేదు.

శిక్షణ, సబ్సిడీ

ఆ లోటు తీర్చడానికి కేంద్రం 2023–24లో ‘నమస్తే’ అనే పథకం తెచ్చింది. మూడేళ్ళకు సుమారు రూ. 349 కోట్లు కేటాయించింది. జాతీయ సఫాయి కర్మచారీల ఆర్థికాభివృద్ధి సంస్థ ద్వారా దీనిని అమలు జరిపారు. ముందు పురపాలక సంఘాలు కార్మికుల పేర్లు నమోదు చెయ్యాలి. ఆ తరువాత వారికి క్షేమంగా పని చేయడంలో శిక్షణ, రక్షణ దుస్తులు, ఆయుష్మాన్ భారత్ కింద వైద్య బీమా కల్పించాలి. సొంతంగా శుభ్రపరిచే వాహనం గానీ, యంత్రం గానీ కొనుక్కుంటే రూ. 5 లక్షల వరకు సబ్సిడీ ఇస్తారు. 2024లో చెత్త ఏరుకుని బతికేవారిని కూడా ఇందులో చేర్చారు.

యంత్రం వస్తే పని పోతుందని కొందరికి భయం. హైదరాబాదు అనుభవం వేరుగా ఉంది. పెద్ద యంత్రాలు పోలేని ఇరుకు సందుల కోసం అక్కడి జలమండలి 2017లో 70 చిన్న యంత్ర వాహనాలను ప్రవేశపెట్టింది. దళిత యువకులే బ్యాంకు రుణంతో ఆ వాహనాలకు యజమానులయ్యేలా ఏర్పాటు చేసింది. రెండేళ్ళకు ఢిల్లీ నగరం కూడా ఇదే బాట పట్టింది.

లెక్కకు రానివారు

పథకం బాగానే ఉంది. జాబితాలో పేరు లేనివారికి మాత్రం అది అందదు. 2022, 2023 సంవత్సరాలలో ఈ పనిలో మరణించినవారిలో 54 మంది సంగతి కేంద్ర ప్రభుత్వం విచారణ చేయించింది. ఆ వివరాలు 2025 జూలైలో పార్లమెంటు ముందుకు వచ్చాయి. వారిలో 49 మంది ఒంటిపై ఎటువంటి రక్షణ సామగ్రీ లేదు. 38 మంది ఎవరో విడిగా పిలిస్తే కూలికి వెళ్ళినవారు. ప్రభుత్వ జీతం మీద ఉన్నవారు అయిదుగురే. అంటే ఏ ఆఫీసు పుస్తకంలోనూ లేనివారే ఎక్కువగా చనిపోతున్నారన్నమాట.

చనిపోయాక కుటుంబానికి రూ. 30 లక్షలు పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంతకు ముందు అది రూ. 10 లక్షలు. బతికి ఉండగా శిక్షణకు, యంత్రానికి అందవలసిన సొమ్ము సకాలంలో అందితే, ఈ పరిహారం ఇచ్చే అవసరమే రాదు.

ఊరు చేయవలసినది

‘నమస్తే’ పట్టణాలకు ఉద్దేశించిన పథకం. కాబట్టి పల్లె నుండి పట్నం వెళ్ళి ఈ పని చేసేవారు ఆ పట్టణ పురపాలక సంఘ కార్యాలయానికి వెళ్ళి, తమ పేరు నమోదయిందో లేదో తెలుసుకోవాలి. చదువు రానివారికి ఊళ్ళో చదువుకున్న కుర్రవాళ్ళు తోడు వెళ్ళాలి. గ్రామంలో ఈ పని చేసేవారెవరో సర్పంచికీ, పంచాయతీ కార్యదర్శికీ తెలియనిది కాదు. వారి పేర్లు రాసి మండల అధికారులకు పంపడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇంటి యజమానులు ట్యాంకరు కోసం నాలుగు రోజులు ఆగడానికి ఒప్పుకోవాలి. కొత్తగా కట్టుకునేవారు జంట గుంటల దొడ్డి కట్టుకోవడం మేలు. ఒక గుంట నిండగానే రెండవ దానికి మళ్ళిస్తే, మొదటి దానిలోనిది ఒకటి రెండేళ్ళలో ఎండి ఎరువవుతుంది. తీసేవారికి ప్రమాదం ఉండదు.

జిల్లాలో ట్యాంకులు, మురుగు కాలువలు శుభ్రం చేసేవారి జాబితాను పురపాలక సంఘాలు, పంచాయతీలు కార్యాలయాల గోడపై అంటించాలి. అలా చేస్తే పేరు లేనివారు వచ్చి అడగగలుగుతారు. సంబంధిత అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించడం అవసరం.