సభ్యత్వ రుసుము, ప్రజాధనము

ప్రభుత్వ కార్యాలయమున పనిచేయు ఇంజనీరు బల్లమీదికి ఏటేట ఒక కవరు వచ్చుచుండును. లోపల వృత్తిసంఘము పంపిన సభ్యత్వ పత్రము. అందు పేరు వ్రాయుటకొక గడి, రుసుము వేయుటకొక గడి. ఆ సంఘపు పత్రిక చదివి అతడు గడించు జ్ఞానము కార్యాలయపు పనికే వినియోగపడుచుండగా, రుసుమును ఖజానానుండి చెల్లించిన తప్పేమని తోచుట సహజమే. అమెరికా సంయుక్త రాష్ట్రముల శాసనము మాత్రము నూరేండ్లకు పైబడి ఆ మొదటి గడినే చూచుచున్నది.

1912 జూన్ 26వ తేదీన అచటి కాంగ్రెసు చేసిన చట్టపు 8వ సెక్షను ప్రకారము, ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప, సమాఖ్య ప్రభుత్వోద్యోగి వ్యక్తిగత సభ్యత్వమునకు ప్రజాధనమును వెచ్చింపరాదు. 1921లో ఏర్పడి, మన కాగ్ వలె ప్రభుత్వ వ్యయమును తరచి చూచు కంప్ట్రోలర్ జనరల్ కార్యాలయము ఈ నిషేధమును ఎంత నిక్కచ్చిగా వ్యాఖ్యానించెననగా, ఉద్యోగి సభ్యత్వమువలన కార్యాలయమునకు మేలు కలుగుట నిజమేయైనను, పేరు ఉద్యోగిదైనచో రుసుము అతని జేబునుండియే రావలెనని తేల్చెను. సభ్యత్వము కార్యాలయము పేరిటనే యుండి, సభ్యులకు తగ్గింపు వెలకు దొరకు ప్రచురణలవంటి ప్రధాన ప్రయోజనము కార్యాలయమునకే చేరునప్పుడు చెల్లింపవచ్చును. ఉద్యోగి లాభమునకై కార్యాలయపు పేరును ముసుగుగా వేసినచో చెల్లదు.

ఇది వట్టి పేరు పట్టింపని కొందరికి తోచవచ్చును. కాని ఉద్యోగి రేపు రాజీనామా చేసి పోయినచో అతని సభ్యత్వము అతనివెంటనే పోవును. కార్యాలయపు సభ్యత్వము కార్యాలయమునందే నిలుచును. పన్ను కట్టినవాని సొమ్ముతో కొన్నది ప్రజల కొలువున మిగులవలెననుటలో నాకు న్యాయమే కనిపించుచున్నది.

కాలక్రమమున కొంత సడలింపు వచ్చినది. 1958నాటి ఉద్యోగి శిక్షణ చట్టము శిక్షణకును సమావేశములకును దారి తెరచెను. న్యాయవాది లైసెన్సు రుసుమువంటివి చిరకాలము సొంత ఖర్చుగానే పరిగణింపబడగా, 2001 డిసెంబరులో వచ్చిన చట్టము వృత్తి లైసెన్సులకును, వాని పరీక్షలకును చెల్లించు స్వేచ్ఛను శాఖలకిచ్చెను. శాఖ ఇచ్చితీరవలెనని కాదు, తలచినచో ఇయ్యవచ్చునని మాత్రమే. ఇది యుక్తమైన సడలింపు. లైసెన్సు లేనివాడు ఆ పనికే అర్హుడు కాడుగదా. లైసెన్సునకు అవసరము కాని స్వచ్ఛంద సభ్యత్వములు దీనిలోనికి రావు. వానికి 1912నాటి నిషేధమే, సమాఖ్య చట్టసంహిత 5వ శీర్షికలో 5946వ సెక్షనుగా, నేటికిని వర్తించుచున్నది.