భుజమెక్కిన పడవ

పడవ మనిషిని మోయడం లోకరీతి. మనిషే పడవను మోయవలసిన చోట్లు కూడా లోకంలో లేకపోలేదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు ఉత్తరభాగాన ఉన్న ఆడిరాండాక్ పర్వతసీమ అటువంటిది. అక్కడ సరస్సుకూ సరస్సుకూ నడుమ అడవిదారులు. ఒక సరస్సు దాటిన యాత్రికుడు తన దోనెను భుజాన వేసుకొని రెండవదాని ఒడ్డు వరకు నడవవలసినదే. బలం చాలనివారు కూలి ఇచ్చి తోడుమనిషిని పెట్టుకొనేవారు.

జార్జి వాషింగ్టన్ సియర్స్‌కు ఆ తోడు అక్కరలేదు. పాదరక్షలు కుట్టడం ఆయన వృత్తి. ‘నెస్ముక్’ అన్న మారుపేరుతో పత్రికలకు వ్రాయడం ప్రవృత్తి. పొట్టివాడు, బక్కపలుచని దేహం, అరవై యేండ్ల వయస్సు, పైగా ఊపిరితిత్తుల వ్యాధి. అయినా ఆ సరస్సులన్నీ ఒంటరిగా తిరగవలెనని ఆయన పట్టుదల. కాంటన్ పట్టణంలోని హెన్రీ రష్టన్ అనే పడవల శిల్పి ఆ కోరిక తీర్చినాడు. 1880లో ఆయన చేసిన దోనె 18 పౌన్లలోపు తూగినది. 1883లో చేసిన ‘సేరీ గాంప్’ పొడవు 9 అడుగులు. బరువు పదిన్నర పౌన్లు, అనగా ఐదు కిలోలకు లోపే! ఆ వేసవిలో సియర్స్ దానితో 266 మైళ్ళు తిరిగి వచ్చినాడు. డికెన్సు నవలలోని ఒక మద్యప్రియురాలి పేరది. ఆమె నీరు ముట్టదు. ఈ దోనె కూడా నీటిని లోపలికి రానీయదని చమత్కారం.

రష్టన్ పలుచని సీడరు పలకలను అంచుమీద అంచుగా పేర్చి, లోపల సన్నని వంపుబద్దలను దగ్గర దగ్గరగా అమర్చినాడు. 20వ శతాబ్ది ద్వితీయార్ధంలో మరొక పద్ధతి ప్రచారంలోకి వచ్చినది. సన్నని సీడరు బద్దలను అచ్చులమీద వరుసగా పేర్చి అంటించి, లోపలా వెలుపలా గాజునూలు బట్ట పరచి ఎపాక్సీ జిగురు పట్టిస్తారు. ఇట్టి పదహారడుగుల దోనె సాధారణంగా 50, 60 పౌన్లు తూగుతుంది.

దీనిని తేలిక చేయడమెట్లు? బద్దను పలుచన చేస్తే చాలునని తోస్తుంది. కాని ఇక్కడొక లెక్క ఉన్నది. ఆరు మిల్లీమీటర్ల బద్దను నాలుగున్నరకు చిత్రిక పడితే బరువు నాలుగవ వంతే తగ్గుతుంది. వంగక నిలిచే బిగువు మాత్రం సగానికి మించి పోతుంది. బిగువు మందం ఘనాన్ని అనుసరించి మారడమే ఇందుకు కారణం. దోనె గోడ వంగినప్పుడు లాగుడును, ఒత్తిడిని ప్రధానంగా భరించేవి రెండు గాజుపొరలు. నడుమనున్న కలప వాటిని ఎడంగా నిలుపుతుంది. కనుక నేర్పరి ముందు కత్తిరించేది కలపను కాదు. బట్ట నేత నిండిన తరువాత మిగిలిన జిగురు బరువే కాని బలం కాదు. దానిని గీచి తీసివేస్తాడు. అంచుకర్రలకు, పీటలకు బరువైన కలప మాని తేలికదానిని ఎన్నుకొంటాడు. బండలకు రాసుకొనే అడుగున బట్టను తగ్గించడు.

బలం ఎక్కడ అవసరమో ఎరిగినవానికే బరువు ఎక్కడ అనవసరమో తెలుస్తుంది. సియర్స్ 1890లో మరణించినాడు. ‘సేరీ గాంప్’ నేటికీ భద్రంగా ఉన్నది. ఆ పదిన్నర పౌన్లే ఒక వ్యాధిగ్రస్తుడు పరుల భుజంమీద ఆధారపడకుండా తన అడవిని తాను చూచుకొనేటట్లు చేసినవి.