ఎర్రచందనం కలప విలువ: చేవ ప్రమాణంగా ఒక పరిశీలన

కలప మేలును తెలుగువారు ‘చేవ’ అనే ఒక్కమాటతో నిర్ణయిస్తారు. కాండం నడుమ ముదిరి, రంగుదేరి, గట్టిపడిన భాగమే చేవ. మనిషి సత్తాకూ ఆ మాటే. పులివెందులకు తూర్పున ఉన్న పాలకొండలలోను, లంకమల, శేషాచలం అడవులలోను పెరిగే ఎర్రచందనాన్ని అంచనా వేయడానికి ఇంతకంటె తగిన కొలమానం లేదు. తూర్పు కనుమల దక్షిణభాగం తప్ప ఈ వృక్షానికి మరొక సహజ నివాసం లేదు.

పేరు చందనమే కాని దీనికి సువాసన లేదు. మంచిగంధంతో దీనికి చుట్టరికమూ లేదు. ఇది చిక్కుడు కుటుంబానికి చెందినది, మన వేగిసకు దగ్గరిది. బెరడును ఆనుకొన్న కలప తెల్లగా, చేవ ముదురెరుపుగా ఉంటుంది. ఆ ఎరుపు శాంటాలిన్ అనే రంజకానిది. అది సారాయిలో కరుగుతుంది, నీటిలో దాదాపు కరగదు. ఆల్ప్స్ పర్వతాల లార్చ్ కలప మన్నికకు దానిలోని రెసిన్ తోడ్పడినట్లే, ఎర్రచందనానికి చెదలు పట్టకపోవడానికి చేవలో పేరుకొన్న పదార్థాలే కారణం. ఈ చేవ నీటిలో వేస్తే మునిగిపోయేంత బరువైనది.

స్థానికులు దీనిని గుంజలకు, సేద్యపు పనిముట్లకు వాడుకొన్నారు. విపణిలో దీనికి పెద్ద ధర తెచ్చినవి చైనాలోని జీతాన్ గృహోపకరణాలు, జపానులోని షమిసెన్ వాద్యం. షమిసెన్ మెడకు అలలు తిరిగిన నార గల చేవను కోరుకొంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. నిలిచి ఉన్న చెట్టును పైనుండి చూసి లోపలి నార తీరును నిశ్చయంగా చెప్పలేము. అందువల్ల దొంగలు కాండానికి గాటు పెట్టి చేవను పరీక్షిస్తారు. పనికిరాదనుకొన్న చెట్టుకు ఆ గాయం మిగిలిపోతుంది.

1995లో సైట్స్ ఒప్పందపు రెండవ అనుబంధంలో ఈ వృక్షాన్ని చేర్చారు. 2016లో ఆంధ్రప్రదేశ్ అటవీచట్టాన్ని సవరించి శిక్షలను కఠినం చేశారు. ఇవి అవసరమే. అయితే సంరక్షణ ఫలితాన్ని చెట్ల లెక్కతో తేల్చడం పొరపాటని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఎర్రచందనపు మోడు తేలికగా పిలకలు వేస్తుంది. కొన్నేళ్లకే కొండ మళ్లీ పచ్చగా కనిపిస్తుంది, కాండాల సంఖ్య పెరుగుతుంది కూడ. ఆ పిలకలలో చేవ మాత్రం మొదటినుండి కట్టాలి. దానికి దశాబ్దాలు పడుతుంది.